యూనిట్ 9: గుండె జబ్బు రోగులలో పొగ అలవాటు – ఈ-సిగరెట్ వినియోగం

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 ప్రస్తావన
9.2 పొగ గుండెను ఎలా దెబ్బతీస్తుంది?
9.3 గుండెపోటు తర్వాత మానితే కలిగే ప్రయోజనం
9.4 రోగులు మళ్లీ ఎందుకు మొదలుపెడతారు?
9.5 ‘తగ్గించడం’ ఎందుకు చాలదు?
9.6 ఈ-సిగరెట్
9.7 మానడానికి అందుబాటులో ఉన్న సహాయం
9.8 సారాంశం
9.9 పదకోశం
9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తర్వాత మీరు:
• పొగాకు పొగ హృదయ ధమనులపై చూపే ప్రభావాన్ని వివరించగలుగుతారు.
• గుండెపోటు వచ్చిన రోగి పొగ మానడం ఒక చికిత్స అని ఎందుకు అంటారో చెప్పగలుగుతారు.
• పొగను తగ్గించడానికీ, పూర్తిగా మానడానికీ మధ్య ఉన్న తేడాను అంకెలతో చూపగలుగుతారు.
• ఈ-సిగరెట్ గురించి జరిగిన పరిశోధనలను విమర్శనాత్మకంగా చదవగలుగుతారు.
• మీ కుటుంబంలో గాని, ఊరిలో గాని ఉన్న రోగికి సరైన సహాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పగలుగుతారు.

9.1 ప్రస్తావన

గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో చేరిన వ్యక్తికి వైద్యులు ఇచ్చే చికిత్సల జాబితా పెద్దదే. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, కొలెస్టరాల్ తగ్గడానికి స్టాటిన్ మాత్ర, గుండె వేగాన్ని అదుపు చేసే మందు, అవసరమైతే స్టెంట్ లేదా బైపాస్ శస్త్రచికిత్స ఇందులో ఉంటాయి. రోగికి పొగతాగే అలవాటు ఉంటే ఈ జాబితాలో మరొకటి చేరుతుంది. అది పొగను పూర్తిగా మానడం. దీనికి శస్త్రచికిత్స గది అక్కరలేదు. కాని అన్నిటికంటే ఎక్కువగా వదిలివేయబడే చికిత్స కూడా ఇదే. మాత్రలు వేళకు వేసుకునే రోగి కూడా సాయంత్రం వీధి చివర కిళ్లీ కొట్టు దగ్గర నిలబడటం మనం చూస్తూనే ఉంటాం.

ఇలాంటి రోగులు సాధారణంగా మూడు ప్రశ్నలు వేస్తారు.
(1) ఇంత జరిగిన తర్వాత ఇప్పుడు మానితే లాభమేమిటి?
(2) రోజుకు రెండు మూడుకు తగ్గించాను, అది చాలదా?
(3) సిగరెట్ మాని ఈ-సిగరెట్ తాగితే ఫర్వాలేదా?
ఈ మూడూ న్యాయమైన ప్రశ్నలే. వాటికి పరిశోధనల ఆధారంగా సమాధానం చెప్పడమే ఈ యూనిట్ ఉద్దేశం.

9.2 పొగ గుండెను ఎలా దెబ్బతీస్తుంది?

గుండె కండరానికి రక్తాన్ని అందించే నాళాలను హృదయ ధమనులు అంటారు. వీటి లోపలి గోడను ఎండోథీలియం అనే పలుచని కణాల పొర కప్పి ఉంటుంది. ఈ పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తుంది. అవసరమైనప్పుడు ధమని వ్యాకోచించడానికీ, రక్తం నాళం గోడకు అంటుకోకుండా సాఫీగా ప్రవహించడానికీ ఈ నైట్రిక్ ఆక్సైడ్ తోడ్పడుతుంది. పొగాకు పొగ ఈ వ్యవస్థను నాలుగు విధాలుగా దెబ్బతీస్తుంది.

మొదటిది, పొగలోని ఆక్సీకరణ పదార్థాలు ఎండోథీలియంను గాయపరుస్తాయి. నైట్రిక్ ఆక్సైడ్ లభ్యత తగ్గుతుంది. ధమని బిగుసుకుంటుంది. గాయపడిన చోట కొవ్వు చేరి పూడిక పెరుగుతుంది.

రెండవది, రక్త ఫలకికలు జిగురుగా మారి ఒకదానికొకటి అంటుకుంటాయి. పూడిక పగిలిన చోట రక్తం గడ్డకడితే ధమని పూర్తిగా మూసుకుపోతుంది. గుండెపోటు అంటే ఇదే. స్టెంట్ వేసిన చోట గడ్డకట్టే ప్రమాదం కూడా ఈ కారణంగానే పెరుగుతుంది.

మూడవది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా హిమోగ్లోబిన్‌తో బంధం ఏర్పరచుకుంటుంది. ఫలితంగా గుండెకు చేరే ఆక్సిజన్ తగ్గుతుంది.

నాల్గవది, నికోటిన్ అడ్రినలిన్ వంటి హార్మోన్ల విడుదలను పెంచుతుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. అంటే గుండెకు ఆక్సిజన్ సరఫరా తగ్గే సమయంలోనే దాని అవసరం పెరుగుతుంది.

ఈ నాలుగింటిలో నికోటిన్ పాత్ర ఒక భాగం మాత్రమేనని గమనించండి. అలవాటుకు బానిసను చేసేది నికోటిన్. ధమనులకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం పొగాకు మండటం వల్ల పుట్టే వాయువులు, సూక్ష్మ కణాల వల్ల కలుగుతుంది. ఈ తేడా 9.6, 9.7 భాగాలను అర్థం చేసుకోవడానికి అవసరం.

52 దేశాలలో నిర్వహించి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, పొగతాగేవారికి మొదటి గుండెపోటు వచ్చే అవకాశం తాగనివారి కంటే దాదాపు మూడు రెట్లు ఉన్నట్లు తేలింది. ఇదే అధ్యయనంలోని పొగాకు వివరాలను 2006లో విడిగా ప్రచురించారు. బీడీ తాగేవారిలో కూడా ప్రమాదం సుమారు 2.9 రెట్లు, పొగాకు నమిలేవారిలో సుమారు 2.2 రెట్లు ఉన్నట్లు అందులో చూపారు. కాబట్టి ‘బీడీ ఆకుతో చుట్టింది, సిగరెట్ కంటే మేలు’ అన్న మాటకు గాని, ‘పొగ మాని ఖైనీ వేసుకుంటున్నాను’ అన్న ఊరటకు గాని ఆధారం లేదు.

మన దేశంలో ఈ విషయం మరింత ముఖ్యం. 2016–17లో జరిగిన రెండవ ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం 15 ఏళ్లు పైబడిన భారతీయులలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. బీడీ తాగేవారు 7.7 శాతం, సిగరెట్ తాగేవారు 4.0 శాతం. తెలుగు ప్రాంతాలలో వీటికి తోడు చుట్ట కూడా ఉంది. ఉత్తరాంధ్ర తీర గ్రామాలలో కొందరు స్త్రీలు నిప్పు ఉన్న కొసను నోటిలో పెట్టుకుని తాగే ‘అడ్డపొగ’ అలవాటు వైద్య గ్రంథాలకు ఎక్కింది. రోగి వివరాలు రాసుకునేటప్పుడు ‘సిగరెట్ తాగుతారా?’ అని మాత్రమే అడిగితే బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా వాడేవారందరూ ‘లేదు’ అని నిజాయితీగానే జవాబిస్తారు. ఆడవారినైతే అసలు అడగనే అడగరు.

9.3 గుండెపోటు తర్వాత మానితే కలిగే ప్రయోజనం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ‘జరగాల్సింది జరిగిపోయింది, ఇక మాని ఏం లాభం?’ అనే ఆలోచన చాలామంది రోగులలో కనిపిస్తుంది.

హృదయ ధమనుల జబ్బు ఉన్న రోగులపై జరిగిన 20 అధ్యయనాలను కలిపి విశ్లేషించిన ఒక సమీక్ష 2003లో ప్రచురితమైంది. పొగ మానిన రోగులలో మరణ ప్రమాదం, కొనసాగించిన రోగుల కంటే 36 శాతం తక్కువగా ఉందని అందులో తేలింది. ఈ అంకె అర్థాన్ని ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. పొగ కొనసాగించిన 100 మంది రోగులలో కొన్నేళ్లలో 20 మంది మరణిస్తారని అనుకుందాం. 36 శాతం తగ్గుదల అంటే, మానిన 100 మందిలో ఆ కాలంలో దాదాపు 13 మంది మరణిస్తారు. అంటే ప్రతి 100 మందిలో ఏడుగురు బతుకుతారు. మందులతో కలిగే ప్రయోజనానికి ఇది ఏమాత్రం తీసిపోదు.

వయసు మీరిందన్న సందేహానికి బ్రిటిష్ వైద్యుల అధ్యయనం జవాబిస్తుంది. 1951లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫోర్డ్ హిల్ దీన్ని ప్రారంభించారు. యాభై ఏళ్ల ఫలితాలు 2004లో వెలువడ్డాయి. జీవితాంతం సిగరెట్ తాగినవారు తాగనివారి కంటే సగటున 10 ఏళ్లు ముందుగా మరణించారు. 60వ ఏట మానినవారు సుమారు 3 ఏళ్లు, 50వ ఏట మానినవారు సుమారు 6 ఏళ్లు, 40వ ఏట మానినవారు సుమారు 9 ఏళ్లు తిరిగి సంపాదించుకున్నారు. ఈ అధ్యయనం హృద్రోగులకు మాత్రమే పరిమితమైనది కాదు. అయినా ‘ఆలస్యమైపోయింది’ అనే వయసు ఏదీ లేదని ఇది స్పష్టం చేస్తుంది.

ప్రయోజనం త్వరగానే మొదలవుతుంది కూడా. మానిన ఒకటి రెండు రోజులలో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సాధారణ స్థాయికి వస్తుంది. ఏడాది తిరిగేసరికి, పొగ వల్ల అదనంగా వచ్చిన గుండె జబ్బు ప్రమాదం సగానికి తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
(అ) నికోటిన్‌కూ, కార్బన్ మోనాక్సైడ్‌కూ గుండెపై ఉన్న ప్రభావాలలో తేడా ఏమిటి?
(ఆ) 36 శాతం తగ్గుదల అనే అంకెను మీ సొంత ఉదాహరణతో వివరించండి.

9.4 రోగులు మళ్లీ ఎందుకు మొదలుపెడతారు?

ఇంత ప్రయోజనం ఉన్నా రోగులందరూ మానడం లేదు. ఐరోపాలో 27 దేశాల హృద్రోగులపై 2016–17లో జరిగిన యూరోయాస్పైర్–5 సర్వేలో, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య రోగులను కలిసి మాట్లాడారు. జబ్బు రాకముందు పొగతాగుతున్నవారిలో సగానికి పైగా అప్పటికీ తాగుతూనే ఉన్నారు. మంచి ఆసుపత్రులు, బీమా సౌకర్యం ఉన్న దేశాల పరిస్థితి ఇది.

దీన్ని రోగి మొండితనంగా చూడటం సరికాదు. మూడు కారణాలను గుర్తించాలి.

శారీరక కారణం: పీల్చిన నికోటిన్ కొద్ది సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. దాని ప్రభావం త్వరగా తగ్గిపోతుంది. రక్తంలో అది సగానికి తగ్గడానికి సుమారు రెండు గంటలే పడుతుంది. అందుకే మళ్లీ మళ్లీ కావాలనిపిస్తుంది. మానినప్పుడు చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత లోపం, ఆకలి పెరగడం వంటి ఉపసంహరణ లక్షణాలు వస్తాయి. ఇవి మొదటి వారంలో తీవ్రంగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాలలో తగ్గుతాయి.

పరిసరాల కారణం: ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులు పొగ తాగే అవకాశం ఉండదు. భయం కూడా ఉంటుంది. రోగి ‘మానేశాను’ అనుకుంటాడు. ఇంటికి వచ్చాక ఉదయం టీ, భోజనం తర్వాత విరామం, డ్యూటీ మధ్యలో స్నేహితులు అన్నీ పాత అలవాటును గుర్తుచేస్తాయి. ఆసుపత్రిలో మానడం పరీక్షలో మొదటి పేపరు వంటిది. అసలు కష్టమైన పేపరు ఇంటిదగ్గర ఉంటుంది.

మానసిక కారణం: గుండెపోటు తర్వాత దిగులు, ఉద్యోగం పోతుందేమోనన్న ఆందోళన సాధారణం. దిగులు ఎక్కువగా ఉన్నవారు మళ్లీ పొగ వైపు వెళ్లే అవకాశం ఎక్కువ. ఇటువంటి రోగిని ఇంట్లోవారు నిందిస్తే అతడు దొంగచాటుగా తాగడం మొదలుపెడతాడు. అప్పుడు వైద్యునికి కూడా నిజం చెప్పడు.

9.5 ‘తగ్గించడం’ ఎందుకు చాలదు?

రెండవ ప్రశ్నకు సమాధానం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. రోజుకు 20 సిగరెట్లు తాగే వ్యక్తి ఒకటికి తగ్గిస్తే ప్రమాదం కూడా ఇరవయ్యో వంతుకు తగ్గాలి కదా అని మనం అనుకుంటాం. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో మోతాదు తగ్గేకొద్దీ ప్రమాదం చాలా వరకు తగ్గుతుంది. గుండె విషయంలో అలా జరగదు.

అనేక అధ్యయనాలను కలిపి 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన విశ్లేషణను చూడండి. తాగనివారి ప్రమాదాన్ని 1 అనుకుంటే, పురుషులలో రోజుకు 20 సిగరెట్లు తాగేవారికి హృదయ ధమనుల జబ్బు ప్రమాదం 2.04, రోజుకు ఒక్కటి తాగేవారికి 1.48. అంటే 20 సిగరెట్ల వల్ల అదనంగా వచ్చిన ప్రమాదం 1.04 కాగా, ఒక్క సిగరెట్ వల్ల వచ్చింది 0.48. ఇది ఇరవయ్యో వంతు కాదు, దాదాపు సగం.

దీనికి కారణం 9.2లో చెప్పిన విషయంలోనే ఉంది. రక్త ఫలకికలు, ఎండోథీలియం చాలా తక్కువ పొగకే స్పందిస్తాయి. మోతాదు పెరిగేకొద్దీ ప్రభావం అదే నిష్పత్తిలో పెరగదు. మొదట నిటారుగా లేచి తర్వాత నెమ్మదించే గీతను ఊహించుకోండి. తాగనివారి పీల్చే గాలిలోని పొగ కూడా హాని చేయడం ఇందుకే. స్కాట్లాండ్‌లో 2006లో మూసి ఉన్న బహిరంగ ప్రదేశాలలో పొగను నిషేధించిన తర్వాత, అధ్యయనం చేసిన ఆసుపత్రులలో గుండెపోటు తరహా కేసుల చేరికలు 17 శాతం తగ్గినట్లు 2008లో నివేదించారు.

ఒక జాగ్రత్త. తగ్గించిన రోగిని ‘నీ ప్రయత్నం వృథా’ అని నిరుత్సాహపరచకూడదు. రోజుకు 20 నుంచి మూడుకు వచ్చినవాడు మానగల శక్తి తనకు ఉందని చూపించాడు. ‘చివరి మూడింటిలోనే మీ గుండెకు రావాల్సిన లాభంలో పెద్ద భాగం ఉంది’ అని చెప్పడం సరైన పద్ధతి.

9.6 ఈ-సిగరెట్

9.6.1 నిర్మాణం

ఇప్పటి రూపంలోని ఈ-సిగరెట్‌ను చైనాకు చెందిన ఫార్మసిస్టు హోన్ లిక్ 2003లో రూపొందించాడు. ఇందులో బ్యాటరీ, వేడెక్కే తీగచుట్ట, ద్రవం ఉండే గది ఉంటాయి. ద్రవంలో ప్రొపిలిన్ గ్లైకాల్, గ్లిజరిన్, సువాసన పదార్థాలు, సాధారణంగా నికోటిన్ ఉంటాయి. పీల్చినప్పుడు తీగ వేడెక్కి ద్రవం సన్నని తుంపరగా మారుతుంది. దీన్ని వాడుకలో ‘వేపింగ్’ అంటారు.

ఇక్కడ పొగాకు మండదు. కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ దాదాపుగా ఉండవు. అయితే అది ‘ఉత్త నీటి ఆవిరి’ కూడా కాదు. నికోటిన్, సూక్ష్మ కణాలు, ద్రవం వేడెక్కినప్పుడు పుట్టే ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ వంటి పదార్థాలు, తీగ నుంచి నికెల్, క్రోమియం వంటి లోహాల జాడలు అందులో ఉంటాయి. వీటి మోతాదు పరికరాన్ని బట్టి, ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది.

9.6.2 పరిశోధనలు ఏమి చెబుతున్నాయి?

ఈ-సిగరెట్ విషయంలో రెండు ప్రశ్నలను కలిపేయకూడదు. ‘సిగరెట్ కంటే హాని తక్కువా?’ అనేది ఒకటి. ‘గుండెకు సురక్షితమా?’ అనేది మరొకటి. మొదటిదానికి అవును అని చెప్పినంత మాత్రాన రెండవదానికి కూడా అవును అని చెప్పినట్లు కాదు.

స్కాట్లాండ్‌లోని డండీలో, గుండె జబ్బు లేని 114 మంది పొగరాయుళ్లపై జరిగిన ప్రయోగం ఫలితాలు 2019లో వచ్చాయి. ఈ-సిగరెట్‌కు మారిన నెల రోజులలోనే వారి ధమనుల వ్యాకోచ శక్తి కొంత మెరుగుపడింది. పొగ మండటం ఆగితే ఎండోథీలియం కోలుకోవడం మొదలవుతుందని దీని అర్థం. అయితే ఇది ఒక నెల ప్రయోగం. పదేళ్ల తర్వాత గుండెపోట్లు తగ్గుతాయా అనే ప్రశ్నకు ఇది జవాబు కాదు.

దక్షిణ కొరియాలో 50 లక్షలకు పైగా పురుషుల ఆరోగ్య వివరాలను పరిశీలించిన అధ్యయనం 2021లో వెలువడింది. సిగరెట్ మాని ఈ-సిగరెట్ వంటి కొత్త ఉత్పత్తులకు మారినవారిలో గుండె, రక్తనాళాల జబ్బు ప్రమాదం సిగరెట్ కొనసాగించినవారి కంటే 23 శాతం తక్కువగా ఉంది. కాని ఏదీ వాడకుండా పూర్తిగా మానినవారితో పోలిస్తే వీరి ప్రమాదం ఎక్కువగానే ఉంది. ఈ ఫలితాన్ని ఒక నిచ్చెనగా ఊహించుకోవచ్చు. అడుగు మెట్టున సిగరెట్, పై మెట్టున పూర్తిగా మానడం, మధ్య మెట్టున ఈ-సిగరెట్ ఉన్నాయి.

వాస్తవ జీవితంలో చాలామంది మధ్య మెట్టు మీద కూడా నిలబడరు. ఇంట్లో, ఆఫీసులో ఈ-సిగరెట్, బయట మామూలు సిగరెట్ తాగుతారు. దీన్ని ద్వంద్వ వినియోగం అంటారు. 9.5లో చూసిన గీతను ఇక్కడ గుర్తుచేసుకోండి. రోజుకు ఒకటి రెండు సిగరెట్లే మిగిలినా అదనపు ప్రమాదంలో పెద్ద భాగం మిగిలినట్లే. దానికి ఈ-సిగరెట్ నుంచి వచ్చే పదార్థాలు కూడా తోడవుతాయి. హృద్రోగికి అన్నిటికంటే మోసకరమైన స్థితి ఇది. మానుతున్నానన్న తృప్తి ఉంటుంది, గుండెకు మాత్రం ఆ లాభం అందదు.

మానడానికి ఈ-సిగరెట్ తోడ్పడుతుందా? ఇంగ్లండ్‌లో 886 మందిపై జరిగిన ప్రయోగం 2019లో ప్రచురితమైంది. ఏడాది తర్వాత ఈ-సిగరెట్ బృందంలో 18.0 శాతం, నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్స బృందంలో 9.9 శాతం సిగరెట్ మానారు. అంటే సిగరెట్ మాన్పించడంలో అది మెరుగ్గానే పనిచేసింది. మరో అంకె కూడా చూడాలి. మానినవారిలో మొదటి బృందంలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా ఈ-సిగరెట్ తాగుతూనే ఉన్నారు. రెండవ బృందంలో తమకిచ్చిన నికోటిన్ మందులను ఇంకా వాడుతున్నవారు 9 శాతమే. సిగరెట్ పోయింది, నికోటిన్ బానిసత్వం చాలామందిలో మిగిలిపోయింది. ఈ ప్రయోగంలో ప్రతి ఒక్కరికీ శిక్షణ పొందిన సలహాదారుల సహాయం అందిందని, పరికరాలు ప్రభుత్వ నియంత్రణ ఉన్నవని కూడా గుర్తుంచుకోవాలి.

9.6.3 పరిశోధనను చదివేటప్పుడు జాగ్రత్త

ఈ-సిగరెట్‌ను సమర్థించేవారే కాదు, వ్యతిరేకించేవారు కూడా తొందరపడే అవకాశం ఉంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పత్రికలో 2019లో వచ్చిన ఒక పరిశోధనా వ్యాసం, ఈ-సిగరెట్ వాడకానికీ గుండెపోటుకూ సంబంధం ఉందని తేల్చింది. ప్రపంచమంతటా వార్త అయింది. అయితే సర్వేలో పాల్గొన్నవారిలో కొందరికి గుండెపోటు ముందు వచ్చి, తర్వాత ఈ-సిగరెట్ మొదలుపెట్టి ఉండవచ్చని ఇతర పరిశోధకులు ఎత్తిచూపారు. ఆ సందేహం తీరేలా పునర్విశ్లేషణ రాకపోవడంతో పత్రిక 2020 ఫిబ్రవరిలో వ్యాసాన్ని ఉపసంహరించింది.

ఇందులో మనకు పాఠం ఉంది. కారణం ఎప్పుడూ ఫలితానికి ముందుండాలి. ఒకే సమయంలో అడిగిన ప్రశ్నలతో చేసిన సర్వేలో ఏది ముందో, ఏది తర్వాతో తెలియదు. హృద్రోగుల విషయంలో ఈ పొరపాటుకు అవకాశం మరీ ఎక్కువ. గుండెపోటు వచ్చిన భయంతోనే చాలామంది ఈ-సిగరెట్‌కు మారుతారు కదా! ఒక వ్యాసం చెల్లకపోయినంత మాత్రాన ఈ-సిగరెట్ సురక్షితమని రుజువు కాలేదన్న విషయం కూడా అంతే ముఖ్యం.

9.6.4 భారతదేశంలో చట్టం

మన దేశంలో 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్ ద్వారా, ఆ తర్వాత అదే సంవత్సరం డిసెంబర్‌లో చట్టం ద్వారా ఈ-సిగరెట్ల ఉత్పత్తి, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటనలను నిషేధించారు. పొగాకును మండించకుండా వేడిచేసే పరికరాలు, ఈ-హుక్కా కూడా ఇందులోకి వస్తాయి. అమ్మకం వంటి నేరానికి మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి.

ఈ చట్టం హృద్రోగికి ఆచరణలో ఏమి చెబుతుంది? ఇంగ్లండ్ ప్రయోగంలో వాడినటువంటి, నాణ్యత తనిఖీ జరిగిన పరికరం మన దేశంలో చట్టబద్ధంగా కొనే మార్గం లేదు. చాటుగా దొరికే పరికరంలో నికోటిన్ ఎంత ఉందో, ద్రవంలో ఏమి కలిపారో చెప్పే బాధ్యత ఎవరికీ లేదు. కాబట్టి విదేశాలలో ఉన్న బంధువులు ‘ఇక్కడ అందరూ దీనితోనే మానుతున్నారు’ అని చెప్పినా, ఆ సలహా మన రోగికి వర్తించదు. చట్టబద్ధమైన, పరీక్షించిన మార్గాలు మనకు వేరే ఉన్నాయి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
(అ) ద్వంద్వ వినియోగం అంటే ఏమిటి? అది హృద్రోగికి ఎందుకు మోసకరం?
(ఆ) 2019 నాటి వ్యాసాన్ని పత్రిక ఎందుకు ఉపసంహరించింది?

9.7 మానడానికి అందుబాటులో ఉన్న సహాయం

సంకల్పబలం ఒక్కటే సరిపోతుందని చెప్పడం రోగికి న్యాయం కాదు. సలహా, మందు రెండూ కలిస్తే విజయావకాశం ఎక్కువ.

సలహా: ఆసుపత్రిలో ఉండగానే మొదలుపెట్టి, ఇంటికి పంపిన తర్వాత కనీసం నెల రోజులు కొనసాగించిన సలహా కార్యక్రమాలు ఫలితమిస్తాయని అనేక ప్రయోగాల సమీక్షలు చూపాయి. కెనడాలోని ఒట్టావా విశ్వవిద్యాలయ హృద్రోగ సంస్థ 2002లో ఇటువంటి పద్ధతిని ప్రారంభించింది. చేరిన ప్రతి రోగినీ పొగ గురించి అడగడం, పడక దగ్గరే సలహా, మందు ఇవ్వడం, ఇంటికి వెళ్లాక ఫోన్ ద్వారా పలకరిస్తూ ఉండటం ఇందులోని మెట్లు. వీటిలో ఖరీదైన యంత్రం ఏదీ లేదు. మన దేశంలో జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-112-356 నంబరులో ఉచితంగా, పలు భారతీయ భాషలలో సలహా ఇస్తుంది.

నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్స: నికోటిన్ బిళ్లను గమ్‌గా నమలడం, చర్మంపై ప్యాచ్ అంటించుకోవడం ఇందులో ఉంటాయి. ‘నికోటిన్ గుండెకు మంచిది కాదన్నారు, మళ్లీ అదే ఇస్తారా?’ అన్న సందేహం సహజం. ప్యాచ్ నుంచి నికోటిన్ నెమ్మదిగా, తక్కువ మోతాదులో వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్, పొగ కణాలు ఉండవు. కొన్ని వారాలలో మోతాదు తగ్గించి ఆపేస్తారు. గుండెపోటు వచ్చి కొద్ది రోజులే అయిన రోగి దీన్ని వైద్యుని సలహాతోనే వాడాలి. గమ్‌ను మిఠాయిలా గబగబా నమలకూడదు. ఘాటు తెలిసేదాకా నమిలి, చెంపకు చిగురుకు మధ్య ఉంచి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. నమలడానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ తాగితే నికోటిన్ సరిగా లోపలికి చేరదు. ‘గమ్ పనిచేయలేదు’ అనేవారిలో చాలామందికి ఈ పద్ధతి ఎవరూ చెప్పి ఉండరు.

ఇతర మందులు: వరెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మందులను వైద్యుని చీటీ మీద ఇస్తారు. గుండెపోటు తరహా జబ్బుతో ఆసుపత్రిలో చేరిన 302 మంది రోగులపై జరిగిన ప్రయోగం 2016లో ప్రచురితమైంది. 24 వారాల తర్వాత వరెనిక్లిన్ తీసుకున్నవారిలో 47.3 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 32.5 శాతం మంది పొగ మానారు. ఈ రెండు మందులనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్స అంతకుముందే, 2009లో, ఆ జాబితాలోకి వచ్చింది.

ఉదాహరణ: ఒక ఊహాత్మక రోగిని తీసుకుందాం. వయసు 52. లారీ డ్రైవరు. రోజుకు కట్ట బీడీలు తాగేవాడు. స్టెంట్ వేశారు. ఇంటికి వచ్చిన మూడో వారంలో రాత్రి ప్రయాణంలో నిద్ర ఆపుకోవడానికి మళ్లీ రెండు బీడీలు మొదలుపెట్టాడు. మేనల్లుడు ఒక ఈ-సిగరెట్ తెచ్చి ఇచ్చాడు. భార్య మీ పొరుగింటి ఆవిడ. మిమ్మల్ని సలహా అడిగింది.

మీరు చేయగలిగేది ఇది. మొదట నిందించకుండా మాట్లాడమనాలి. మూడు వారాలు ఆపగలిగాడన్నది చిన్న విషయం కాదు. తర్వాత, ఆ రెండు బీడీలలోనే ప్రమాదం ఎంత మిగిలిందో 9.5లోని లెక్కతో చెప్పాలి. ఈ-సిగరెట్‌తో కలిపి బీడీ తాగితే అది ద్వంద్వ వినియోగమవుతుందని వివరించాలి. తిరిగి చూపించుకునే రోజున ఈ విషయం డాక్టరుగారికి దాచకుండా చెప్పి, మందు గురించి అడగమనాలి. క్విట్‌లైన్ నంబరు రాసివ్వాలి. చివరగా, సమస్య మూలం రాత్రి డ్యూటీలో ఉంది. కొన్ని వారాలు పగటి డ్యూటీ దొరుకుతుందేమో యజమానితో మాట్లాడటం కూడా చికిత్సలో భాగమే.

9.8 సారాంశం

ప్రస్తావనలోని మూడు ప్రశ్నలకు ఇప్పుడు సమాధానాలు చెప్పుకోవచ్చు. (1) గుండెపోటు తర్వాత మానడం ఆలస్యం కాదు. మానిన రోగులలో మరణ ప్రమాదం గణనీయంగా తగ్గుతుంది. (2) తగ్గించడం చాలదు. రోజుకు ఒక్క సిగరెట్ కూడా 20 సిగరెట్ల అదనపు ప్రమాదంలో దాదాపు సగాన్ని నిలిపి ఉంచుతుంది. (3) ఈ-సిగరెట్‌కు పూర్తిగా మారితే సిగరెట్ కంటే హాని తక్కువ కావచ్చు. కాని అది పూర్తిగా మానడంతో సమానం కాదు. రెండూ కలిపి వాడితే ఆ కొద్ది లాభం కూడా ఆశించలేం. మన దేశంలో అది నిషిద్ధం. పరీక్షించిన మందులు, సలహా మనకు అందుబాటులో ఉన్నాయి. రోగి మళ్లీ మొదలుపెడితే దాన్ని ఓటమిగా కాక, చికిత్స ఇంకా పూర్తికాలేదన్న సూచనగా తీసుకుని మరలా ప్రయత్నించాలి.

9.9 పదకోశం

ఎండోథీలియం: రక్తనాళాల లోపలి గోడను కప్పి ఉండే పలుచని కణాల పొర.
రక్త ఫలకికలు: రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే సూక్ష్మ కణాలు. వాడుకలో ప్లేట్‌లెట్లు.
స్టెంట్: పూడిన ధమనిని తెరిచి ఉంచడానికి లోపల అమర్చే సన్నని జాలీ గొట్టం.
ఉపసంహరణ లక్షణాలు: అలవాటైన పదార్థం ఆపినప్పుడు కలిగే శారీరక, మానసిక ఇబ్బందులు.
ద్వంద్వ వినియోగం: మామూలు సిగరెట్ లేదా బీడీతో పాటు ఈ-సిగరెట్‌ను కూడా వాడటం.
ఉత్తుత్తి మాత్ర: ప్రయోగాలలో పోలిక కోసం ఇచ్చే, మందు లేని మాత్ర.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. పొగాకు పొగ హృదయ ధమనులను దెబ్బతీసే విధానాలను వివరించి, గుండెపోటు తర్వాత పొగ మానడం వల్ల కలిగే ప్రయోజనాన్ని చర్చించండి.
2. ‘ఈ-సిగరెట్ హాని తక్కువ, కాబట్టి హృద్రోగి వాడవచ్చు’ అనే వాదాన్ని పరిశోధనలు, భారత చట్టం దృష్ట్యా విమర్శించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. రోజుకు ఒక్క సిగరెట్ వల్ల కూడా గుండెకు ప్రమాదం ఎక్కువగా ఉండటానికి కారణమేమిటి?
2. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోగులు మళ్లీ పొగ మొదలుపెట్టడానికి గల కారణాలు పేర్కొనండి.
3. నికోటిన్ గమ్‌ను వాడవలసిన పద్ధతిని రాయండి.

III. చేయవలసిన పని
మీ వీధిలో గాని, మీరు పనిచేసే చోట గాని పొగ మానిన ఇద్దరితో, మాని మళ్లీ మొదలుపెట్టిన ఇద్దరితో వారి అనుమతితో మాట్లాడండి. మొదటి నెలలో వారికి ఏది కష్టమైంది, ఎవరి సహాయం అందింది, ఎవరిది అందలేదు అన్న విషయాలను, పేర్లు రాయకుండా, రెండు పేజీలలో రాసి మీ అధ్యయన కేంద్రంలోని తరగతికి తీసుకురండి.